రంగు కింద పుట్టీ ఎంత?

పాత బుల్లెట్‌ను కేఫ్ రేసర్‌గా (రేసు బండిలా కురచగా మలిచిన బైకుగా) మార్పించుకునే కుర్రాళ్లు ఇప్పుడు మన ఊళ్లలోనూ ఉన్నారు. ట్యాంకుకు మోకాళ్ల దగ్గర లోతు తీయిస్తారు. వెనక ఫ్రేమ్ కోయించి కురచ చేయిస్తారు. అతికిన ప్రతిచోటా వెల్డింగ్ గీత మిగులుతుంది. దాన్ని కనపడనీయకుండా చేసేది బాడీ ఫిల్లర్ (రేకు మీద గుంటలు పూడ్చే ముద్ద). షెడ్డుల్లో పుట్టీ అంటారు.

ఇందులో ఉండేది పాలియెస్టర్ రెజిన్ (చిక్కటి ప్లాస్టిక్ ద్రవం), టాల్క్ పొడి. దానంతట అది గట్టిపడదు. వాడేముందు హార్డెనర్ (గట్టిపరిచే పేస్టు) కలపాలి. బరువులో సుమారు 2 శాతం చాలు. కలిపాక నాలుగైదు నిమిషాల్లో పూసేయాలి. మన ఎండల్లో అంత వ్యవధి కూడా ఉండదు. తొందరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ వేస్తే, అందులో మిగిలిపోయిన పెరాక్సైడ్ (గట్టిపరిచే రసాయనం) పైరంగులోకి ఊరి మచ్చలు తేలతాయి. తక్కువైతే లోపల పచ్చిగానే ఉండిపోతుంది.

1950లలో ఈ పుట్టీ రాకముందు అమెరికాలో సీసం, తగరం కలిపి కరిగించి పూసేవారు. చేయి తిరిగినవాళ్లకే సాధ్యమైన పని అది, పైగా సీసం విషం. పుట్టీతో పని సులువైంది. దాంతోపాటే, రేకును సుత్తితో సరిచేయకుండా గుంట నింపేసే వీలూ దొరికింది.

మంచి పనివాడు ముందు టింకరింగ్ చేసి రేకును వీలైనంత సమం చేస్తాడు. 80 నంబరు ఎమరీతో లోహం మెరిసేదాకా రుద్దుతాడు. పుట్టీని పలుచటి పొరలుగా పెడతాడు. మొత్తం మందం 3 మిల్లీమీటర్లు దాటనివ్వడు. ఎందుకంటే వేడికి రేకు, పుట్టీ ఒకేలా సాగవు. సింగిల్ సిలిండర్ ఇంజిన్ అదురు కూడా తోడైతే మందపు పొర అంచులు లేస్తాయి. రంగు మీద వెంట్రుకంత చీలికలు వస్తాయి. ఆ చీలికల్లోంచి దిగిన తేమను టాల్క్ పీల్చుకుంటుంది. రేకు లోలోపల తుప్పుపడుతుంది.

ట్యాంకు మీద పుట్టీ లేచిపోతే పోయేది అందం, డబ్బు. ఫ్రేమ్ సంగతి వేరు. వెల్డింగ్ లోతుకు దిగకపోయినా, పుట్టీ పూసి నున్నగా రుద్దితే చూడటానికి ఒకటే గొట్టంలా ఉంటుంది. బరువు మోసేది మాత్రం ఆ బలహీనమైన అతుకే. అక్కడ పగులు మొదలైనా పుట్టీ చాటున కనపడదు. అందుకే ఫ్రేమ్ అతుకుల మీద పుట్టీ అసలు ఉండకూడదని నా అభిప్రాయం. ఇక ఫ్రేమ్ కోయించేముందు, బండిలో మార్పుల గురించి చెప్పే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదవడం అవసరం.

పూర్తయిన బండి కొనేటప్పుడు, మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని ట్యాంకు మీద జరిపి చూడండి. పట్టు సడలినచోట పుట్టీ మందంగా ఉందని అర్థం. అల్యూమినియం ట్యాంకుకు ఈ పరీక్ష పనికిరాదు. పని మీరే చేయించుకుంటుంటే, వెల్డింగ్ పూర్తయి పుట్టీ ఇంకా పడని దశలో ట్యాంకునూ ఫ్రేమునూ చూపించాలని బండి అప్పగించే రోజే మాట తీసుకోండి.