వెబ్‌సైటులో పెట్టుకున్న అర్జీ ఎక్కడికి పోతున్నది?

నమోదు లేనిదే జవాబుదారీ లేదు. కాపలా లేని నమోదు మరో ప్రమాదం

కలెక్టరేటులో సోమవారం నాడు అర్జీ పెట్టుకున్న రైతు తనకిచ్చిన రసీదును మడిచి జేబులో భద్రపరచుకుంటాడు. స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపిన గృహస్థు జవాబు వచ్చేవరకు ఆ చీటీని పారవేయడు. అర్జీ చేరిందనడానికి రసీదే సాక్ష్యమన్న సంగతి సామాన్యునికి అనుభవపూర్వకంగా తెలుసు. అయితే అదే మొరను ఒక కార్యాలయం వెబ్‌సైటులోని ‘మమ్మల్ని సంప్రదించండి’ అనే ఫారంలో నింపి పంపినప్పుడు, చాలా సందర్భాలలో అతనికి దక్కేది కంప్యూటర్ తెర మీద కనిపించే ‘ధన్యవాదాలు’ అన్న ఒక్క మాట మాత్రమే. అతని పేరు, ఫోను నంబరు, విన్నపం ఎక్కడికి పోయాయి? ఎవరి అధీనంలో ఉన్నాయి? ఎంతకాలం ఉంటాయి? బ్యాంకు మొదలు పురపాలక సంఘం వరకు ప్రతి సంస్థా వెబ్‌సైటు ద్వారానే ప్రజలతో వ్యవహరిస్తున్న ఈ రోజులలో ఈ ప్రశ్నలు కేవలం సాంకేతిక నిపుణులకు వదలివేయదగినవి కావు.

టపా సంచీ, ఇన్‌వర్డు రిజిస్టరు

ఫారం ద్వారా వచ్చిన సందేశాన్ని స్వీకరించడానికి ప్రధానంగా రెండు పద్ధతులు ఉన్నాయి. దానిని ఈ-మెయిల్‌గా మార్చి సంబంధిత అధికారికి పంపడం మొదటిది. డేటాబేస్ అనబడే సమాచార నిధిలో ఒక పద్దుగా నమోదు చేయడం రెండవది. మొదటిది టపా సంచీ వంటిదైతే, రెండవది కార్యాలయంలోని ఇన్‌వర్డు రిజిస్టరు వంటిది.

వెబ్ పుటలలో ఫారాలకు చోటు కల్పించిన హెచ్‌టీఎంఎల్ రెండవ ప్రమాణం 1995 నవంబరులో వెలువడింది. అదే సంవత్సరం ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశ ప్రజలకు ఇంటర్నెట్ సేవలను అందుబాటులోకి తెచ్చింది. ఫారంలోని వివరాలను ఈ-మెయిల్‌గా మార్చే చిన్న ప్రోగ్రాములు ఆ తొలి రోజులలో విరివిగా వాడుకలో ఉండేవి. ఖర్చు, శ్రమ తక్కువ కావడం వలన అనేక చిన్న సంస్థలు నేటికీ ఆ పద్ధతినే అనుసరిస్తున్నాయి. అయితే అందులోని లోపాలు చిన్నవి కావు. వచ్చిన సందేశం అవాంఛిత మెయిళ్ల మధ్య పడి మరుగున పోవచ్చు. మెయిల్ సర్వరు దానిని తిరస్కరించవచ్చు. ఉద్యోగి బదిలీ అయినప్పుడు ఆయన మెయిల్ పెట్టెతో పాటు ప్రజల మొరలు కూడా మూలపడవచ్చు. మొత్తం ఎన్ని అర్జీలు వచ్చాయి, ఎన్నింటికి జవాబు వెళ్లింది అన్న లెక్క తేల్చడం దుస్సాధ్యమవుతుంది.

డేటాబేస్‌లో ఈ చిక్కులు చాలావరకు తొలగిపోతాయి. 1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన విధానం ప్రకారం సమాచారాన్ని పట్టికలుగా అమర్చుతారు. ప్రతి అర్జీ ఆ పట్టికలో ఒక వరుస. అర్జీదారు పేరు, ఫోను నంబరు, విషయం, అందిన తేదీ, సమయం, ఎవరికి పంపినదీ, ఏ దశలో ఉన్నదీ అన్న వివరాలకు వేర్వేరు గడులు ఉంటాయి. ప్రతి వరుసకూ మరొకదానికి రాని సంఖ్య ఒకటి కేటాయిస్తారు. నెల దాటినా జవాబు వెళ్లని అర్జీలు ఎన్ని అని అడిగితే లెక్క క్షణాలలో తేలుతుంది. ముందు డేటాబేస్‌లో నమోదు చేసి, ఆ తరువాతనే అధికారికి మెయిల్ పంపడం సరైన క్రమం. మెయిల్ దారి తప్పినా పద్దు మిగులుతుంది. ఇందుకు భారీ పెట్టుబడి కూడా అవసరం లేదు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి డేటాబేస్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే లభిస్తున్నాయి.

కొలంబో నేర్పిన పాఠం

మెయిల్ పెట్టెనే దస్తావేజుల గదిగా భావిస్తే ఏమవుతుందో మన పొరుగు దేశమైన శ్రీలంక అనుభవం తెలియజేస్తున్నది. 2023 ఆగస్టులో అక్కడి ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థపై సైబర్ దాడి జరిగింది. మంత్రివర్గ కార్యాలయంతో సహా సుమారు 5,000 ప్రభుత్వ ఈ-మెయిల్ ఖాతాలు దాని బారిన పడ్డాయి. మే 17 నుంచి ఆగస్టు 26 వరకు వచ్చిన మెయిళ్లు నశించాయి. ఆ మూడు నెలల పైచిలుకు కాలానికి విడిగా భద్రపరచిన ప్రతి లేకపోవడమే ఈ నష్టానికి కారణం. అప్పటికి వాడుతున్న మెయిల్ సాఫ్ట్‌వేర్ కూడా కాలం చెల్లినదే కావడం గమనార్హం.

డేటాబేస్ ఉన్నంత మాత్రాన ఇటువంటి విపత్తు రాదని చెప్పలేము. దాని ప్రతిని కూడా క్రమం తప్పకుండా తీసి, ప్రధాన సర్వరుతో సంబంధం లేని చోట దాచవలసి ఉంటుంది. ఆ ప్రతి నుంచి సమాచారం తిరిగి వస్తున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షించడం కూడా అంతే ముఖ్యం.

సంఖ్య ఇచ్చే బలం

నమోదు పద్ధతి వలన పౌరునికి కలిగే ప్రయోజనానికి మన దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉన్నది. సీపీగ్రామ్స్ అని వ్యవహరించే కేంద్ర ప్రజా ఫిర్యాదుల వ్యవస్థ 2007లో ప్రారంభమైంది. కేంద్ర పరిపాలనా సంస్కరణలు, ప్రజా ఫిర్యాదుల శాఖ, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ కలిసి దీనిని రూపొందించాయి. ఫిర్యాదు చేసిన ప్రతి వ్యక్తికీ ఒక నమోదు సంఖ్య లభిస్తుంది. దాని ఆధారంగా తన ఫిర్యాదు ఏ శాఖ వద్ద, ఏ దశలో ఉన్నదో అతను తెలుసుకోవచ్చు. పరిష్కారం తృప్తికరంగా లేకపోతే అప్పీలు చేసుకోవచ్చు.

ఈ వ్యవస్థలో పరిష్కార గడువును 2022లో 45 రోజుల నుంచి 30 రోజులకు, 2024 ఆగస్టులో 21 రోజులకు తగ్గించారు. ఫిర్యాదు ఏ నాడు అందిందో నమోదై ఉన్నందువల్లనే ఇటువంటి గడువుకు అర్థం ఏర్పడింది. అందిన తేదీయే తెలియని చోట ఆలస్యాన్ని నిరూపించడం ఎవరి తరమూ కాదు. సంఖ్య లభించినంత మాత్రాన న్యాయం జరిగినట్లు కాదన్నది వేరే విషయం. మొక్కుబడి జవాబుతో ఫిర్యాదును మూసివేసే అవకాశం ఏ వ్యవస్థలోనైనా ఉంటుంది. కానీ ఆ మొక్కుబడి జవాబు కూడా నమోదై ఉంటే, దానిని ప్రశ్నించడానికి పౌరునికి ఆధారం దొరుకుతుంది.

తాళం లేని బీరువా

నాణేనికి రెండవ వైపు కూడా ఉన్నది. లక్షలాది ప్రజల వివరాలు ఒకే చోట పోగుపడినప్పుడు, ఆ చోటు నేరస్తులకు ఆకర్షణ కేంద్రమవుతుంది. 2023 జూలైలో బంగ్లాదేశ్‌లో జనన మరణాల నమోదుకు సంబంధించిన ప్రభుత్వ వెబ్‌సైటు నుంచి 5 కోట్ల మందికి పైగా పౌరుల పేర్లు, ఫోను నంబర్లు, ఈ-మెయిల్ చిరునామాలు, జాతీయ గుర్తింపు సంఖ్యలు బహిర్గతమైనట్లు వార్తలు వెలువడ్డాయి. ఎవరో తాళం పగులగొట్టి చొరబడలేదని, వెబ్‌సైటులోని లోపం వల్లనే వివరాలు బయటపడ్డాయని అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది.

కొన్ని సందర్భాలలో ఫారంలోని ఖాళీ గడియే దొంగకు ద్వారమవుతుంది. పేరు రాయవలసిన చోట డేటాబేస్‌కు అర్థమయ్యే ఆజ్ఞను రాసి పంపుతారు. ప్రోగ్రాం అజాగ్రత్తగా రాసినదైతే డేటాబేస్ దానిని పేరుగా కాక ఆజ్ఞగానే స్వీకరించి, పట్టికలోని ఇతరుల వివరాలను కూడా బయటపెడుతుంది. దీనిని ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు. 2015 అక్టోబరులో బ్రిటన్‌లోని టాక్‌టాక్ టెలికాం సంస్థపై ఈ విధంగానే దాడి జరిగి 1,56,959 మంది ఖాతాదారుల వివరాలు దొంగల పాలయ్యాయి. వారిలో 15,656 మంది బ్యాంకు ఖాతాల వివరాలు కూడా ఉన్నాయి. సంస్థకు 4 లక్షల పౌండ్ల జరిమానా పడింది. దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. ప్రజలు రాసినదానిని ఎన్నడూ ఆజ్ఞలో భాగం కానివ్వక, కేవలం సమాచారంగా విడిగా అందజేసే ప్రోగ్రామింగ్ పద్ధతి చాలాకాలంగా అందుబాటులో ఉన్నది.

చట్టం విధించిన బాధ్యత

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పిన సంగతి విదితమే. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఆమోదం పొందింది. దాని నిబంధనలను 2025 నవంబరులో ప్రకటించిన కేంద్ర ప్రభుత్వం, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల వ్యవధి ఇచ్చింది.

సేకరిస్తున్న వివరాలేమిటో, ఎందుకో ముందుగా తెలియజేయాలని ఈ చట్టం నిర్దేశిస్తున్నది. ఆ ప్రకటనను ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు ఉండాలి. అంటే తెలుగువాడు దానిని తెలుగులో కోరవచ్చు. సమ్మతి ఇవ్వడం ఎంత సులభమో, ఉపసంహరించుకోవడం కూడా అంతే సులభంగా ఉండాలి. ఉద్దేశించిన పని పూర్తయిన తరువాత, ఇతర చట్టాల ప్రకారం దాచవలసిన అవసరం ఉంటే తప్ప, ఆ వివరాలను చెరిపివేయాలి. తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే అవకాశం ఉన్నది. సమాచారం బయటకు పొక్కితే సంబంధిత వ్యక్తులకు తెలియజేయవలసిన బాధ్యత కూడా సంస్థదే.

చట్టం ఎంత పకడ్బందీగా ఉన్నా, ఆచరణ ఫారం రూపొందించే బల్ల వద్దనే మొదలు కావాలి. రోడ్డు మీద వెలగని దీపం గురించి ఫిర్యాదు చేసే వ్యక్తిని పుట్టిన తేదీ, ఆధార్ సంఖ్య అడగవలసిన పని లేదు. అడగని వివరం దొంగ చేతికి చిక్కదు. పట్టికను ఎవరు చూడవచ్చునో నిర్ణయించాలి. ఎవరు ఎప్పుడు చూశారో కూడా నమోదు కావాలి. ఏ వివరం ఎంతకాలం ఉంచాలో ముందే నిర్ణయించి, గడువు తీరగానే తొలగించాలి. అన్నిటినీ మించి, పౌరునికి ఒక సంఖ్య, తేదీ తప్పనిసరిగా ఇవ్వాలి.

పౌరుడు కూడా కొంత అప్రమత్తత వహించవలసి ఉన్నది. నమోదు సంఖ్య రాని పక్షంలో అడగాలి. అవసరం లేని వివరాలు అడిగితే కారణం ప్రశ్నించాలి. ప్రజల మాటను నమోదు చేయకపోవడం నిర్లక్ష్యమైతే, నమోదు చేసి దిక్కులేకుండా వదలివేయడం అంతకన్నా పెద్ద నిర్లక్ష్యం. నిబంధనల అమలుకు ఇచ్చిన 18 నెలల వ్యవధిని ఈ రెండు లోపాలనూ సరిదిద్దుకోవడానికే సంస్థలు వినియోగించుకోవాలి తప్ప, కేవలం జరిమానా తప్పించుకునే మార్గాలు వెదకడానికి కాదు.