ఎవర్ని అడగాలి?

మన ప్రాంతంలో 'కౌన్సెలింగు' అనే మాటకు రెండే అర్థాలు. ఒకటి, ఎంట్రెన్సులో ర్యాంకు వచ్చినాక సీటు కోసం జరిగేది. రెండోది, పోలీసుస్టేషనులో రౌడీషీటర్లను వరసగా నిలబెట్టి సి.ఐ. గారు చేసేది. అందువల్ల మొదటి సంవత్సరంలో మా మెంటరు సారు "నువ్వొకసారి కౌన్సెలింగుకు పోయిరా నాయనా" అన్నప్పుడు నాకు భయం పట్టుకుంది. సీటైతే వచ్చేసింది, మరి నేను చేసిన తప్పేమిటా అని ఆ రాత్రంతా ఆలోచించాను.

ఆ మాటకు మూడో అర్థం ఉందని తర్వాత తెలిసింది. ఆ అర్థాన్ని గురించీ, విద్యార్థికి అండగా ఉండే సిబ్బందిని గురించీ నాకు తెలిసినంతవరకు మిత్రులకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఊళ్ళో ఉంటే ఎవర్ని అడగాలో మనకు తెలుసు. ఆవుకు జబ్బు చేస్తే పశువుల డాక్టరు. చెనిక్కాయకు తెగులు తగిలితే పురుగుమందుల అంగడాయన. తిరుమలలోనూ అంతే. కొండెక్కిన కొత్త యాత్రికుడు గది ఎక్కడిస్తారు, క్యూ ఎటువైపు అని శ్రీవారి సేవకుణ్ణి అడగడానికి సిగ్గుపడడు. అదే మనిషి కొడుకు కాలేజీ గేటు దాటేసరికి నోరు కట్టేసుకుంటాడు. అడిగితే 'పల్లెటూరోడు' అనుకుంటారని భయం.

మా రూములో ఒకడుండేవాడు. పేరు రాయను. మొదటి సెమిస్టరులో రెండు సబ్జెక్టులు పోయాయి. చెనిక్కాయ పెరికే రోజుల్లో కూలీలు దొరక్క మూడు వారాలు ఇంటి దగ్గరే ఉండిపోయినాడు, దాంతో హాజరు తగ్గింది. స్కాలర్‌షిప్పు పడలేదు. ఆధారు కార్డులో ఇంటిపేరు ఒక రకంగా, సర్టిఫికెట్లలో ఇంకో రకంగా ఉంది. ఒక ఆఫీసు కిటికీ దగ్గర "రేపు రా" అన్నారు. రెండుసార్లు పోయినాడు, మూడోసారి పోలేదు. ఒకనాడు నేను ల్యాబు నుంచి వచ్చేసరికి వాడి మంచం మీద చాప కూడా లేదు. పెట్టె పట్టుకొని పలమనేరు బస్సుకు పోయినాడని వాచ్‌మను చెప్పాడు. వాడికి వచ్చిన చిక్కులు మూడు. మూడింటికీ అడగవలసిన మనుషులు మా కాలేజీలోనే ఉన్నారు. ఆ సంగతి వాడికీ తెలియదు, పక్క మంచం మీద పడుకొనే నాకూ తెలియదు.

పెద్దలు చెప్పిన మాట

విద్యార్థికి పాఠం చెబితే చాలదు, సలహా చెప్పే మనిషి కూడా కావాలనే మాట కొత్తది కాదు. మన తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో చిన్నప్పుడు చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషనుకు అధ్యక్షులుగా ఉన్నారు. విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంక్షేమం చూడటానికి ఒక సలహా సంఘం ఉండాలని ఆ కమిషను సిఫారసు చేసింది. కొద్ది సంవత్సరాలకే, 1954లో, కొండ కింద మన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసింది. 1964-66 నాటి కొఠారీ కమిషను ఇంకా స్పష్టంగా, విద్యార్థుల సంక్షేమానికి పూర్తికాలపు డీన్ ఉండాలనీ, వెయ్యిమందికి ఒక్కరైనా జీతం మీద పనిచేసే సలహాదారు ఉండేటట్లు చూడాలనీ చెప్పింది.

సైన్సు విద్యార్థిని గనక చిన్న లెక్క వేశాను. ఒక్క సలహాదారు వెయ్యిమందితో తలా పావుగంట మాట్లాడాలంటే 250 గంటలు. రోజుకు ఆరు గంటల చొప్పున 42 పనిదినాలు. అదీ ఒక్కొక్కరితో ఒక్కసారికే! కాబట్టి ఆ ఒక్కరి వల్ల అయ్యే పని కాదిది. తక్కినవాళ్ళు కూడా చెయ్యి వెయ్యాలి.

ఎవరి పని ఏమిటి?

హాజరు, ఇంటర్నల్ మార్కులు, తప్పిన సబ్జెక్టులు - వీటికి మొదట పోవలసింది మెంటరు దగ్గరికి. కొందరు విద్యార్థులను ఒక లెక్చరరుకు అప్పజెప్పడమే మెంటరు పద్ధతి. హాజరు తగ్గిపోయినాక పోయి ఏడవడం కంటే, ఇంటి దగ్గర పని పడిందని ముందే చెబితే ఆయన దారి చూపించగలరు. మా రూములోవాడు చెయ్యనిది ఇదే.

స్కాలర్‌షిప్పుకు సెక్షను గుమాస్తా గారు. ఏ కాగితం ఎక్కడ తప్పిందో ఆయనకు తెలిసినట్లు ప్రిన్సిపాల్ గారికి కూడా తెలియకపోవచ్చు. ఏ వేళకు పోతే ఆయన తీరిగ్గా ఉంటారో చెప్పేది అటెండరు. అటెండరును "అన్నా" అని పిలిచి అడగండి, సగం పని అయినట్లే.

హాస్టలు సంగతులకు వార్డెను. ర్యాగింగుకు మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టం ఉంది. 2009లో యు.జి.సి. నిబంధనలు కూడా వచ్చాయి. ప్రతి కాలేజీలో కమిటీ ఉండాలి. 1800-180-5522 నంబరుకు ఫోను కూడా చేయవచ్చు. ఆడపిల్లలను వేధిస్తే విచారించడానికి 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉంటుంది. ఇక ఎక్కడ చెప్పుకున్నా పని జరగకపోతే, 2023లో వచ్చిన యు.జి.సి. నిబంధనల ప్రకారం ఫిర్యాదుల కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. అందులో విద్యార్థుల ప్రతినిధి కూడా ఉంటాడు. వీలైనంతవరకు 15 పనిదినాల్లో ఆ కమిటీ తన నివేదిక ఇవ్వాలి. దానితో తృప్తి లేకపోతే పైన అంబుడ్స్‌పర్సన్ ఉంటారు.

ఆ గదిలో ఏం జరుగుతుంది?

మా రూములోవాడు వెళ్ళిపోయినాక నాకు నిద్ర పట్టేది కాదు. పుస్తకం తెరిస్తే అక్షరం ఎక్కేది కాదు. రికార్డు పుస్తకం రెండు వారాలు ఖాళీగా ఉండటం చూసే మా సారు నన్ను కౌన్సెలరు దగ్గరికి పంపించారు.

ఏం తిట్టు తినాలో అనుకుంటూ పోయినాను. ఆ మేడం గారు కూర్చోమన్నారు. నేను చెప్పింది ఇంటికి గానీ ప్రిన్సిపాల్ గారికి గానీ చేరదని, ప్రాణానికి ముప్పు అనిపిస్తే మాత్రం మిగతావాళ్ళ సాయం తీసుకోక తప్పదని ముందే చెప్పారు. తర్వాత ఎన్ని గంటలకు పడుకుంటావు, ఏం తింటున్నావు, ఎవరితో మాట్లాడుతున్నావు అని అడిగారు. నీతులు చెప్పలేదు. నేను చెబుతూ ఉంటే విన్నారు, మధ్యమధ్య ఒక ప్రశ్న వేశారు. వాడు పోతుంటే ఆపలేకపోయానన్న బాధ నాలో ఉందని ఆ ప్రశ్నలకు జవాబు చెబుతుండగానే నాకు తెలిసింది. మూడుసార్లు పోయినాను. రికార్డు రాయడం మళ్ళీ మొదలుపెట్టాను.

కౌన్సెలరు మందులు రాయరు. మందులు కావలసిన జబ్బయితే మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు. దానికి మనకు రుయా ఆసుపత్రి ఉంది. వైద్యుడికి చెప్పుకున్న సంగతులు గోప్యంగా ఉండటం 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇచ్చిన హక్కు. రాత్రిపూట ఎవరూ అందుబాటులో లేకపోతే 14416కు ఫోను చేయవచ్చు. 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఈ టెలి-మానస్‌కు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. పిచ్చి పడితేనే పోవాలనేది ఉత్త అపోహ. జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి పోవడానికి మనం సిగ్గుపడటం లేదు కదా!

ఇది ఎంత అవసరమో 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖపట్నంలో కోచింగు కోసం ఉంటున్న 17 ఏళ్ళ అమ్మాయి 2023లో చనిపోయింది. ఆమె తండ్రి వేసిన కేసులో కోర్టు మార్గదర్శకాలు ఇస్తూ, వందమంది లేక అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరు గానీ, మనస్తత్వ నిపుణుడు గానీ, సామాజిక కార్యకర్త గానీ ఒక్కరైనా ఉండాలన్నది. కొఠారీ కమిషను వెయ్యికి ఒకరన్న మాటకూ దీనికీ మధ్య దాదాపు అరవై ఏళ్ళు గడిచాయి.

మనం చేయగలిగింది

పోస్టులు నింపడం మన చేతిలో లేదు, అడగడం ఉంది. మెంటరు సార్లు పాఠాలు, పేపర్లు దిద్దడం, అడ్మిషన్లు అన్నీ చూసుకుంటూ ఈ పని చేస్తున్నారు. వాళ్ళకు వారంలో ఒక గంట దీనికే కేటాయించమని మన సంఘం ప్రిన్సిపాల్ గారిని కోరాలి. ఏ పనికి ఎవర్ని అడగాలో తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి, హాస్టలు గది తాళంతోపాటు కొత్తవాళ్ళకు ఇవ్వాలి. సీనియర్లం ఒక్కొక్కరం ఒక జూనియరును వెంటబెట్టుకొని ఈ గదులన్నీ ఒకసారి చూపించి రావాలి. అరపూట పని.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా రూములోవాడికి ఫోను చేశాను. పాలవ్యాను తోలుతున్నాడు. "మళ్ళీ చేరడానికి వీలుంటుందేమో రా, నేను కనుక్కుంటా, వచ్చి మా సారును కలువు" అన్నాను.

"ఇవన్నీ అప్పుడే చెప్పుంటే బాగుండేది కదరా" అన్నాడు. తర్వాత కాసేపాగి, "ఆ సారు ఎప్పుడుంటాడు?" అని అడిగాడు.