మూసిన తలుపులు – తెరచిన రోజులు

మన పెద్దలు ‘పెరటి చెట్టు మందుకు పనికిరాదు’ అన్నారు. ఈ సామెతలోని సత్యము ఉక్కు నగరాలలో నివసించే మనబోటి వారికి తెలిసినంతగా మరెవ్వరికీ తెలియదేమో! వేయి మైళ్ళు ప్రయాణించి కోటలను, కోవెళ్ళను దర్శించి వస్తాము. ప్రతి దినము మనము దాటిపోయే ప్రాకారము లోపల ఏమున్నదో మన ఇంటిల్లిపాదికీ తెలియదు. ఈ ఆలోచన మాకు స్వయముగా కలిగినది కాదు. ఎనుబది సంవత్సరాలు దాటిన మా తల్లిగారి నోటి నుండి వెలువడిన ఒక చిన్న మాట దీనికి కారణమైనది. ఆ మాటను పాఠకుల ముందుంచే ముందు, అందుకు దారితీసిన ప్రయాణమును గురించి, ఆ సందర్భములో మేము తెలుసుకొన్న కొన్ని విషయాలను గురించి మనవి చేస్తాము.

బొల్లారం విడిదిలో ఒక దినము

మేము నివసించేది భిలాయి ఉక్కు నగరములోని మరోదా సెక్టారులో. ఒక వంక మైత్రీబాగ్, మరొక వంక మరోదా జలాశయము, ఇంకొక వంక దల్లీ రాజహరా నుండి ఇనుప ఖనిజమును మోసుకొని వచ్చే రైలు మార్గము. శీతకాలపు సెలవులలో ఒకసారి మా తల్లిగారిని వెంటబెట్టుకొని నాగపూర్ మీదుగా సికింద్రాబాదు చేరాము. అక్కడి బంధువులు బొల్లారములోని రాష్ట్రపతి నిలయమును చూసి తీరవలసినదని పట్టుబట్టారు.

పాఠకులలో చాలమందికి ఈ భవనము పేరు పరిచితమే. 1860లో నిర్మితమైన ఈ ఒక అంతస్తు భవనము హైదరాబాదులోని బ్రిటిష్ రెసిడెంటుకు ఊరి వెలుపలి విడిదిగా ఉండేది. హైదరాబాదు సంస్థానము భారతదేశములో విలీనమైన పిమ్మట 1950లో రాష్ట్రపతి సచివాలయము దీనిని స్వాధీనము చేసుకొన్నది. సుమారు 90 ఎకరాల ఆవరణ, అందులో 11 గదుల భవనము, దర్బారు హాలు, భోజనశాల, చుట్టూ తోటలు. రాష్ట్రపతి ఏటా శీతకాలములో కొద్ది రోజులు దక్షిణాదిన విడిది చేయుట సంప్రదాయము. అనేక సంవత్సరాలపాటు ఆ విడిది ముగిసిన తరువాత సుమారు ఒక పక్షము రోజులు మాత్రమే ప్రజలకు ప్రవేశము లభించేది. ఆ రోజులు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయేవో దూరాన ఉన్న మాకు తెలిసేది కాదు.

2023 మార్చి 22న, శోభకృత్ నామ సంవత్సర ఉగాది పర్వదినాన, ఈ స్థితి మారినది. రాష్ట్రపతి శ్రీమతి ద్రౌపది ముర్ముగారు నిలయమును సంవత్సరము పొడుగునా సందర్శకులకు తెరచే ఏర్పాటును ప్రారంభించారు. రాష్ట్రపతి విడిదిలో ఉన్న రోజులలో తప్ప సామాన్య జనులు లోపలకు వెళ్ళి చూడవచ్చును.

మా బోటి ఇంజనీరును అన్నిటికంటె ఆకర్షించినది వంటశాల నుండి భోజనశాలకు పోయే భూగర్భ మార్గము. ఆ కాలములో అగ్నిభయము చేత, పొగ చేత వంటశాలలను ప్రధాన భవనమునకు ఎడముగా కట్టుట వాడుక. ఆ ఎడమును కలుపుటకు ఇక్కడ సొరంగము త్రవ్వారు. ఇప్పుడు ఆ గోడలపై మన తెలంగాణ చేర్యాల చిత్రకళ దర్శనమిస్తున్నది. మేము కప్పు ఎత్తును, గాలి ప్రసరణను పరిశీలిస్తూ ఉండగా మా తల్లిగారు మాత్రము ఒకే ప్రశ్న వేశారు: “ఇంత దూరం మోసుకొస్తే అన్నం సల్లారిపోదేట్రా?” ఆ ప్రశ్నకు మా వద్ద తగిన సమాధానము లేదు.

తోటలలో నక్షత్ర వాటిక ఒకటి. 27 నక్షత్రాలకు 27 వృక్షాలు. కీర్తిశేషులైన మా తండ్రిగారిది రోహిణీ నక్షత్రము. సంప్రదాయము రోహిణికి చెప్పే చెట్టు నేరేడు. మా తల్లిగారు ఆ చెట్టు కోసము వెదకి, దాని ఎదుట కొంతసేపు నిలబడి, మాటలాడకుండా ముందుకు సాగారు.

తలుపులు తెరచే సంప్రదాయము

సామాన్యముగా మూసి ఉండే చారిత్రక భవనాలను ఏడాదిలో ఒకటి రెండు రోజులు అందరికీ ఉచితముగా తెరచి చూపుట అనేది ఇప్పుడు ప్రపంచములో పెద్ద ఉద్యమముగా రూపొందినది. దీనికి పునాది ఫ్రాన్సులో పడినది. 1984లో అప్పటి సాంస్కృతిక మంత్రి జాక్ లాంగ్ చొరవతో చారిత్రక కట్టడాల ద్వారాలు తెరచే దినమును ఆరంభించారు. 1991లో ఐరోపా మండలి దీనిని ఖండమంతటికీ విస్తరింపజేసినది. నేడు దాదాపు యాభై దేశాలలో ఈ వారసత్వ దినాలు జరుగుతున్నవి. స్కాట్లాండులో గ్లాస్గో నగరము ఐరోపా సాంస్కృతిక నగరముగా ఉన్న 1990లో ఇటువంటి దినమును మొదలుపెట్టగా, లండనులో 1992లోను, ఇంగ్లండు అంతటా 1994లోను, కెనడాలోని టొరంటోలో 2000లోను ఇదే పద్ధతి ప్రవేశించినది.

ఇందులోని విశేషము భవనాల ఎంపికలోనే ఉన్నది. రాజప్రాసాదాలు మాత్రమే కాక న్యాయస్థానాలు, బ్యాంకులు, నీటి సరఫరా కేంద్రాలు, ముద్రణాలయాలు, కర్మాగారాలు కూడ ఆ రెండు రోజులు తమ తలుపులు తెరుస్తాయి. చూపించేవారు ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తలు. ఆ వీధిలో నివసించేవారు, అక్కడ పనిచేసి విరమించినవారు. అనగా ఊరివారు ఊరివారికే తమ ఊరిని చూపించుకొనే పండుగ ఇది. మన దేశములో ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినమును, నవంబరు 19 నుండి 25 వరకు వారసత్వ వారోత్సవాన్ని జరుపుకొంటున్నాము. అయితే అప్పుడు మనము చూచేవి చాలవరకు ఏడాది పొడుగునా తెరచి ఉండే కట్టడాలే. మూసి ఉన్న తలుపును తెరచుట వేరు.

కోఠీలోని బొమ్మ భవనము

హైదరాబాదులోనే ఇంకొక ఉదాహరణము కలదు. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీని రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతములో కట్టించ ప్రారంభించాడు. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రసెల్ దీని రూపశిల్పి. 1949 నుండి ఇది మహిళా కళాశాలకు నెలవైనది. కాలక్రమేణ శిథిలమవుతూ ఉండగా, 2002లో ప్రపంచ కట్టడాల నిధి సంస్థ తన అప్రమత్త జాబితాలో దీనిని చేర్చిన తరువాత పునరుద్ధరణకు మార్గము ఏర్పడినది. అక్కడ చదివిన మా బంధువుల అమ్మాయి మా తల్లిగారికి ఒక కథ చెప్పినది.

కిర్క్‌పాట్రిక్ హైదరాబాదుకు చెందిన ఖైరున్నీసా బేగమును వివాహమాడాడు. ఆమె పరదా పాటించే స్త్రీ. ఆవరణలోని జనానాలో ఉంటూ, ఎదుటికి వచ్చి ఆ మహాభవనపు ముఖభాగమును చూడలేని పరిస్థితి. అందుచేత ఆమె చూచి ఆనందించుటకై భర్త అదే భవనమునకు చిన్న నమూనాను తోటలో కట్టించాడని జనశ్రుతి. ఆ బొమ్మ భవనము ఇప్పటికీ ఆ ఆవరణలో ఉన్నది.

ఈ కథ విని మా తల్లిగారు నవ్వి, “మీ నాన్న కూడా నాకలాగే చూపించాడు” అన్నారు. మాకు వెంటనే స్ఫురించలేదు. తరువాత జ్ఞాపకము వచ్చినది.

కుంపటి, ఊదుగొట్టము

మా తండ్రిగారు 1961లో శ్రీకాకుళము జిల్లా నుండి భిలాయికి వచ్చారు. అప్పటికి రెండు సంవత్సరాల క్రితమే, 1959 ఫిబ్రవరి 4న, ఇక్కడి మొదటి బ్లాస్ట్ కొలిమిని నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. బొల్లారము భవనము రాష్ట్రపతి నిలయమైనది కూడ ఆయన పదవీకాలములోనే కావడము విశేషము. 1955లో సోవియట్ యూనియనుతో కుదిరిన ఒప్పందము ఫలితముగా వెలసిన ఈ కర్మాగారములో విశాఖ, విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతాల నుండి వచ్చినవారు ఎందరో చేరారు. మా తండ్రిగారు కొలిమి వద్ద పనివారుగా చేరి అక్కడనే విరమించారు.

మా తల్లిగారు కొత్తగా కాపురానికి వచ్చిన రోజులలో, రాత్రివేళ కరిగిన స్లాగును పారబోసినప్పుడు ఆకాశమంతా ఎర్రబడగా చూచి భయపడేవారట. అప్పుడు తండ్రిగారు వంటింటిలోని బొగ్గుల కుంపటిని, ఊదుగొట్టమును ముందుంచుకొని పాఠము చెప్పారు. పైనుండి బొగ్గు వేస్తాము కదా, అక్కడ ఖనిజము, కోకు, సున్నపురాయి వేస్తారు. క్రింద నీవు గొట్టముతో ఊదుతావు కదా, అక్కడ వేడిగాలిని యంత్రాలు ఊదుతాయి. నిప్పు రాజుకొంటే బొగ్గు ఎర్రబడునట్లు అక్కడ రాయి కరిగి ఇనుమై క్రిందికి దిగుతుంది. మేము ఇంజనీరింగు కళాశాలలో ఎన్నో గంటలు కూర్చుండి నేర్చిన సూత్రమునకు ఇంతకంటె సులభమైన వివరణ నేటివరకు వినలేదు.

తిరుగు ప్రయాణములో దుర్గు స్టేషను సమీపిస్తూ ఉండగా మా తల్లిగారు కిటికీలోనుండి చూస్తూ అన్న మాట ఇది: “రాష్ట్రపతిగారి వంటిల్లు సూశాను గానీ, మీ నాన్న పన్జేసిన కొలిమి ఈ జన్మకి సూళ్ళేదు నాన్నా.”

అందులో నిష్ఠూరము లేదు. ఎవ్వరూ ఆమెను వద్దనలేదు. ఆమె అడుగలేదు. తండ్రిగారికి తోచలేదు. ముప్పది సంవత్సరాలుగా అదే వృత్తిలో ఉన్న మాకు కూడ తోచలేదు. దోషమేదైనా ఉన్నచో అది మా ఇంటిదే.

తెరచుటకు ముందు చూచుకోవలసినవి

అయితే ఉక్కు కర్మాగారము రాజభవనము వంటిది కాదు. కొలిమి నుండి వెలువడే ద్రవ ఇనుము 1,450 నుండి 1,500 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో ఉంటుంది. కొలిమి వాయువులో ఐదవ వంతుకు పైగా కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. కావున ఉత్పత్తి జరిగే చోట తలుపులు మూసి ఉంచుట అవసరము, ధర్మము కూడ. ఆ నియమమును సడలించమని ఈ వ్యాసము ఉద్దేశము కాదు.

కాని చూపించదగినవి, చూపించగలిగినవి వేరే ఉన్నవి. జర్మనీలోని ఫోల్క్‌లింగెన్ ఉక్కు కర్మాగారము 1986లో ఉత్పత్తి నిలిపివేసినది. దాని ఆరు కొలిములను విరుగగొట్టి తుక్కుగా అమ్మివేయక, భద్రపరచి ప్రజలకు తెరచారు. 1994లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినది. తాతలు పనిచేసిన చోటును మనుమలు అక్కడ మెట్లెక్కి చూస్తున్నారు. మన ఉక్కు నగరాలలో కూడ తొలినాటి పంపుగృహాలు, విశ్రాంతి పొందిన యంత్రాలు, పాత నియంత్రణ గదులు, సోవియట్ నిపుణులు నివసించిన నాటి గృహాలు వంటివి ఉంటాయి. ఏడాదికి రెండు రోజులు, ఉదాహరణకు ఫిబ్రవరి 4కు దగ్గరి శని, ఆదివారాలలో, వీటిని కుటుంబ సభ్యులకు తెరచుట అసాధ్యము కాదని మా నమ్మకము.

ఇందుకు చేయవలసిన సన్నాహము ఇంజనీరుకు కొత్త కాదు. పాత అంతస్తులు ఒక్కసారి ఎంతమంది బరువును మోయగలవో లెక్కగట్టాలి. వచ్చే దారి, పోయే దారి వేరువేరుగా ఉండాలి. ఒక్కొక్క జట్టులో ఎందరు ఉండవలెనో ముందుగా నిర్ణయించాలి. వాయువు సోకే అవకాశమున్న ప్రతి స్థలమును జాబితా నుండి తొలగించాలి. వైద్య సహాయము, త్రాగునీరు, నీడ సమకూర్చాలి. అన్నిటికంటె ముఖ్యముగా, చూపించుటకు ఆ యంత్రము వద్ద పనిచేసి విరమించిన పెద్దలను పిలవాలి. తొలితరము వారిలో మిగిలియున్నవారు కొద్దిమందే. వారు వెళ్ళిపోయిన తరువాత యంత్రము ఉంటుంది గాని, కుంపటిని చూపి కొలిమిని వివరించే నోరు ఉండదు.

మరొక ప్రయోజనము కూడ కలదు. నలుగురూ చూచే కట్టడమును నిర్లక్ష్యము చేయుట ఎవ్వరికైనా కష్టము. కోఠీ రెసిడెన్సీ విషయములో జరిగినది అదే. పదిమంది దృష్టిలో పడిన తరువాతనే దాని పగుళ్ళకు మరమ్మతు మొదలైనది.

ఈ వ్యాసము వ్రాయబూనినప్పుడు మా తల్లిగారికి విషయము చెప్పాము. ఆమె కొంచెము ఆలోచించి, “అక్కడ మెట్లకి పట్టుకోడానికి కమ్మీ ఉంటాదేటి?” అని అడిగారు. మేము ముందు వ్రాసుకొన్న సన్నాహాల జాబితాలో మెట్ల కమ్మీ లేదు. ఆ లోపమును వెంటనే సవరించి, దానిని మొదటి అంశముగా చేర్చుకొన్నాము. సహోద్యోగ సోదరులు కూడ తమ తమ ఇండ్లలోని పెద్దలను ఒక్కసారి అడిగి చూడవలసినదిగా మనవి.