మన మొహల్లా పాత కట్టడాలు – ఎవరు కట్టించారు, ఎవరి కోసం?

హైదరాబాద్ పాతబస్తీలో దారుల్ షిఫా పేరు రోజూ వింటాం. 1595లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా అక్కడ కట్టించిన వైద్యశాల పేరే అది. యునానీ వైద్యం చేసిన చోటు, నేర్పిన చోటు కూడా. వైద్యం ఆగిపోయి ఎన్నో ఏళ్లయినా పేరు నిలిచింది. చిన్న కట్టడాలకు ఆ అదృష్టం లేదు. గల్లీలోని మసీదు, ముసాఫిర్‌ఖానా, దాని ఖర్చులకని రాసిచ్చిన రెండు మల్గీలు... వీటిని ఎవరు, ఎందుకు ఇచ్చారో చెప్పే ఆధారం పోతే వాకిఫ్ ఉద్దేశం కూడా దాంతోపాటే పోతుంది. పైగా 2025 చట్ట సవరణ తర్వాత, వాడుక ఒక్కటే చూపి కొత్తగా వక్ఫ్ అనిపించుకునే దారి లేదు. కాగితం కావాలి.

వెతకడం గుమ్మం దగ్గరే మొదలుపెట్టండి. పాత మసీదుల్లో తలుపు పైనో మిహ్రాబ్ దగ్గరో రాతి పలక ఉండవచ్చు. సున్నం, ఆయిల్ పెయింటు పొరల కింద అక్షరాలు మునిగిపోయి ఉంటాయి. యాసిడ్ పోయకండి, గీకకండి. చీకటి పడ్డాక సెల్‌ఫోన్ టార్చిని పక్కనుంచి వాలుగా పట్టి ఫోటో తీస్తే నీడల్లో అక్షరాలు తేలతాయి. అంకెలు కనబడకపోయినా సంవత్సరం మాటల్లో దాగి ఉండవచ్చు. అబ్జద్ లెక్కలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంది. ‘యా హాఫిజ్’ తీసుకోండి: యే 10, అలిఫ్ 1, హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. కలిపితే 1000. హిజ్రీ 1000, అంటే 1591-92, చార్మినార్ సంవత్సరం.

సంవత్సరం దొరికాక అది ఏ లెక్కదో చూసుకోవాలి. చాలామంది తడబడేది ఇక్కడే. హిజ్రీ అయితే నూటికి మూడు చొప్పున తీసేసి 622 కలపండి, ఏడాది అటూ ఇటూగా సరిపోతుంది. నిజాం సర్కారు కాగితాల్లో ఫస్లీ ఉంటుంది, దానికి 590 కలిపితే చాలు. 1348 హిజ్రీ అయితే 1929, అదే ఫస్లీ అయితే 1938. తొమ్మిదేళ్ల తేడాతో ఇచ్చినవారి కొడుకు దాత అయిపోతాడు! గుర్తుపట్టే ఉపాయం నెల పేరు. ఆజుర్, దయ్, బహ్‌మన్ అని ఉంటే ఫస్లీ. రజబ్, షాబాన్ అని ఉంటే హిజ్రీ.

ఇక కాగితాలు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ కంప్యూటర్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది పాత రిజిస్టర్లలో వెతికించాలి. ముంతఖబ్, వక్ఫ్‌నామా, హిబానామా ఇంట్లోని ఇనప్పెట్టెలోనే ఉండవచ్చు. 1880ల దాకా సర్కారు భాష ఫారసీ, తర్వాత ఉర్దూ. చేతిరాత షికస్తా అయితే ఉర్దూ బాగా వచ్చినవారు కూడా తడుముకుంటారు. చదవలేని కాగితాన్ని పారేయకండి, లామినేషన్ కూడా చేయించకండి. ఫోటో తీసి, తెలిసినవారికి చూపించండి. వక్ఫ్ సర్వే గెజిట్‌లో పేరు ఉందో లేదో వక్ఫ్ బోర్డులో చూడాలి. నిజాం కాలపు దఫ్తర్ల కోసం తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి.

1908 మూసీ వరద తర్వాత లియోనార్డ్ మన్ పర్యవేక్షణలో తయారైన నగర పటాలు మరో పెద్ద ఆసరా. అందులో కట్టడాలు విడివిడిగా గీసి ఉన్నాయి. ఇప్పుడు అపార్ట్‌మెంట్ లేచిన చోట అప్పుడు ఏముండేదో పోల్చి చూసుకోవచ్చు.

మగవాళ్ల పేర్లు కాగితాల్లో ఎలాగూ ఉంటాయి. నానీమాలను, దాదీమాలను అడగండి. మెహర్ కింద ఏ ఇల్లు ఎవరికి వచ్చిందో, ఏ బావి నీళ్లు ఎవరి పేరున సబీల్‌గా పంచేవారో వాళ్లకు తెలుసు. వారు చెప్పింది వారి మాటల్లోనే, తేదీ వేసి రాసుకోండి. కాగితంతో సరిపడకపోతే రెండూ పక్కపక్కనే ఉంచండి.

దొరికినవాటి నకళ్లు ఒకటి మసీదు కమిటీ దగ్గర, ఒకటి ఇంట్లో పెట్టండి. ఈ ఏడాది మీరు వేయించిన బోరు గురించి కూడా, పేరు వద్దనుకుంటే పేరు లేకుండానే, తేదీ, స్థలం, ఎవరి కోసమో కమిటీ రిజిస్టరులో ఒక వాక్యం రాయించండి.