పటంపై దారి తప్పిన నేల నమూనాలు

నేల పరీక్ష ఫలితాలను వెబ్ పటంపై చూపితే ఏ పొలానికి ఏ ఎరువు ఎంత అవసరమో రైతుకు సులువుగా తెలుపవచ్చు. జాంగో వంటి వెబ్ ఫ్రేమ్‌వర్క్, లీఫ్‌లెట్ వంటి పట సాధనం ఇందుకు చాలును. అయితే తొలి ప్రయత్నంలో నమూనాలు పటంపై కనిపించకపోవడం, లేదా ఎక్కడో సముద్రంలో తేలడం పరిపాటి. అప్పుడు ప్రోగ్రామును తిరగరాయడానికి ముందు చుక్క ఎక్కడ పడిందో గమనించవలెను. లోపమేమిటో చాలావరకు ఆ చోటే తెలుపుతుంది.

హైదరాబాదులోని రాజేంద్రనగర్ సుమారు 17.3 ఉత్తర అక్షాంశం, 78.4 తూర్పు రేఖాంశాలపై ఉన్నది. ఈ రెండూ తారుమారైతే చుక్క నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ మంచుదీవుల్లో పడుతుంది. జియోజేసన్‌లో రేఖాంశం ముందు రావలెను. లీఫ్‌లెట్ మార్కరుకు అక్షాంశం ముందు ఇవ్వవలెను. తికమకకు మూలమిదే. చుక్కలు ఆఫ్రికా పశ్చిమ తీరాన గినీ సింధుశాఖలో గుమిగూడితే, నిరూపకాలు లేని చోట సున్నాలు నమోదైనట్లు గ్రహించవలెను.

సర్వే పటాల నుండి తీసిన విలువలు తరచుగా యూటీఎం పద్ధతిలో, మీటర్లలో ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లో అధిక భాగం 44వ జోన్‌లోనికి, 78 డిగ్రీలకు పశ్చిమాన ఉన్న అనంతపురం 43వ జోన్‌లోనికి వస్తాయి. మీటర్ల విలువలకు డిగ్రీల సంకేతమైన 4326 తగిలించినంత మాత్రాన అవి డిగ్రీలు కావు. జోన్‌ను బట్టి 32644 లేదా 32643 సంకేతమిచ్చి, ఆ తరువాత ట్రాన్స్‌ఫార్మ్ ద్వారా మార్చవలెను. ఇక పటమే కనిపించకపోతే, వెబ్ పేజీలో పటానికి కేటాయించిన భాగానికి ఎత్తు నిర్ణయించినదీ లేనిదీ చూడవలెను.

ఇవన్నీ కంటికి కనిపించే తప్పులు. కనిపించని తప్పు మరింత ప్రమాదకరం. 17 డిగ్రీల 30 నిమిషాలు అంటే 17.50, దానిని 17.30గా నమోదు చేస్తే చుక్క సుమారు 22 కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతుంది. అక్కడా పొలాలే ఉంటాయి గనుక ఎవరికీ అనుమానం రాదు. ఒక ఊరి జింకు లోపానికి మరొక ఊరి రైతు ఖర్చు పెడతాడు.

కావున అక్షాంశం 12–20, రేఖాంశం 76–85 మధ్య లేని విలువలను నమోదు దశలోనే తిరస్కరించవలెను. నమూనా సంచిపై రాసిన గ్రామమూ, చుక్క పడిన గ్రామ సరిహద్దూ ఒకటేనా అని ప్రతి నమూనాకూ సరిచూడవలెను. ఈ రెండవ పరీక్షలో నెగ్గిన తరువాతనే ఎరువుల సిఫారసు రైతుకు చేరవలెను.