యాప్‌ బాగానే ఉంది.. పర్మిషనే పోయింది!

ఇంటర్వ్యూలో ‘మా కంపెనీ గురించి ఏం తెలుసు?’ అని అడిగితే ఏం చెబుతారు? ఫండింగ్‌ ఎంత, టెక్నాలజీ ఏంటి.. మనలో చాలామంది అక్కడే ఆగిపోతాం. పారిస్‌లో అద్దె ఈ-స్కూటర్లకు ఏమైందో తెలిస్తే మీకు ఇంకో ప్రశ్న కూడా తడుతుంది.

స్కూటర్‌ అంటే మన సీటున్న బండి కాదు. రెండు చిన్న చక్రాలు, ఓ పలక, ఓ హ్యాండిల్‌. నిలబడే నడపాలి. యాప్‌తో అన్‌లాక్‌ చేసి, పనయ్యాక వదిలేసి వెళ్లిపోవచ్చు. 2018లో ఇవి పారిస్‌కు వచ్చాయి. ఫుట్‌పాత్‌ల మీద అడ్డదిడ్డంగా పడి ఉండేవి. కొన్నిటినైతే సెన్‌ నదిలోకే విసిరేశారు! 2020లో నగర పాలక సంస్థ టెండర్‌ పెట్టి లైమ్‌, డాట్‌, టియర్‌ కంపెనీలకు మాత్రమే అనుమతిచ్చింది. మొత్తం 15 వేల బళ్లు.

2021 జూన్‌లో నది ఒడ్డున ఇద్దరు ఎక్కిన స్కూటర్‌ ఢీకొని 31 ఏళ్ల ఇటలీ మహిళ చనిపోయారు. ఆ తర్వాత నగరంలో వందల చోట్ల వేగాన్ని గంటకు 10 కి.మీ.కి తగ్గించారు. ఇది జియోఫెన్సింగ్‌ పని. మ్యాప్‌లో గీసిన హద్దులోకి బండి రాగానే జీపీఎస్‌ పసిగడుతుంది, కంట్రోలర్‌ మోటార్‌ను నెమ్మదింపజేస్తుంది. వినడానికి బాగుంది కదా? కానీ ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్‌ కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. రోడ్డుకీ ఫుట్‌పాత్‌కీ తేడా కూడా అంతే!

2023 ఏప్రిల్‌ 2న ‘ఉంచాలా, వద్దా’ అని నగరం ఓటింగ్‌ పెట్టింది. సుమారు 13.8 లక్షల ఓటర్లలో వచ్చింది లక్ష మంది చిల్లర. వాళ్లలో 89 శాతం ‘వద్దు’ అన్నారు. ఆన్‌లైన్‌ ఓటు లేదు, బూత్‌కు వెళ్లాల్సిందే. కంపెనీలు ఆ రోజు ఫ్రీ రైడ్లు ఇస్తామన్నా యువత పెద్దగా కదల్లేదు. యాప్‌లో యూజర్లున్నారు, క్యూలో లేరు! మేయర్‌ ఆన్‌ ఇదాల్గో ఆ తీర్పునే అమలు చేశారు. ఆగస్టు 31తో కాంట్రాక్టులు ముగిశాయి. సొంత స్కూటర్లకు మాత్రం ఇబ్బంది లేదు.

బళ్లను లారీలెక్కించి వేరే ఊళ్లకు పంపొచ్చు. కోడ్‌ కూడా ఇంకెక్కడైనా పనికొస్తుంది. కానీ ఆ నగరంలోనే బ్యాటరీలు మార్చేవాళ్ల, రిపేర్లు చేసేవాళ్ల సంగతి? 2025 జూన్‌లో హైకోర్టు ఉత్తర్వుతో కర్ణాటకలో బైక్‌ ట్యాక్సీలు ఆగినప్పుడూ ఇదే గుబులు. అక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలియంది కాదు.

అందుకే హెచ్‌ఆర్‌ ‘మీరేమైనా అడుగుతారా?’ అన్నప్పుడు జీతం ఊసెత్తే ముందు ఇలా అడిగి చూడండి: ‘మన సర్వీస్‌కు అనుమతి ఎవరిస్తారు? అది ఎప్పటిదాకా ఉంది? ఆదాయంలో ఒకే నగరం వాటా ఎంత?’ ఐపీఓకు వచ్చిన కంపెనీ అయితే అడగక్కర్లేదు కూడా. సెబీ వెబ్‌సైట్‌లో దాని డీఆర్‌హెచ్‌పీ ఉంటుంది. ‘రిస్క్‌ ఫ్యాక్టర్స్‌’ భాగం తెరవండి, తమకున్న భయాలన్నీ వాళ్లే రాసిపెట్టి ఉంటారు.