పొట్టేళ్లు, గిత్తలలో కండర వృద్ధి: మెదడుపై పురుష హార్మోన్ల ప్రభావం

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని హాలియా, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలో వరి కోతల అనంతరం కొయ్యకాళ్లపై గొర్రెల మందలు మేయడం పరిపాటి. ఒకే మేతపై పెరిగినప్పటికీ, విత్తులు కొట్టించిన పొట్టేలు కంటే కొట్టించని పొట్టేలు వేగంగా ఎదుగుతుంది. దానిలో కండ హెచ్చుగా, కొవ్వు తక్కువగా ఉంటుంది. వృషణాల నుండి వెలువడే టెస్టోస్టిరాన్ హార్మోను ఈ భేదానికి మూలం. అయితే ఈ హార్మోను కండరంపై నేరుగానే గాక, మెదడు ద్వారా కూడా పనిచేస్తుందని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. ఆ విధానాన్ని, దాని క్షేత్రస్థాయి ప్రయోజనాన్ని ఈ వ్యాసంలో వివరించడమైనది.

హార్మోను వలయం

మెదడులోని హైపోథలామస్ విడుదల చేసే హార్మోను పీయూష గ్రంథిని ప్రేరేపిస్తుంది. పీయూష గ్రంథి నుండి వచ్చే ఎల్.హెచ్. హార్మోను వృషణాలలో టెస్టోస్టిరాన్ ఉత్పత్తికి దోహదం చేస్తుంది. రక్తంలో టెస్టోస్టిరాన్ పెరిగినప్పుడు మెదడు ఆ సంకేతాన్ని గ్రహించి ఉత్పత్తిని తగ్గిస్తుంది.

కండరంలోనా, మెదడులోనా?

టెస్టోస్టిరాన్ కణాలలోని ఆండ్రోజన్ గ్రాహకాలతో కలిసి పనిచేస్తుంది. మగ చిట్టెలుకలలో శరీరమంతటా ఈ గ్రాహకాలను తొలగించినప్పుడు కండర పరిమాణం గణనీయంగా తగ్గింది. కండర తంతువులలో మాత్రమే తొలగించినప్పుడు కాళ్ల కండరాలలో తగ్గుదల స్వల్పమే. కనుక మిగిలిన ప్రభావం వేరొక మార్గంలో వస్తున్నదని భావించవలసి ఉంది. హైపోథలామస్‌లోని ఆండ్రోజన్ గ్రాహకాలు వయోజన మగ చిట్టెలుకలలో వెనుక కాళ్ల కండర పరిమాణాన్నీ, స్వచ్ఛంద చలనశీలతనూ పెంపొందిస్తాయని 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించారు. అధిక చలనం కండరానికి వ్యాయామమవుతుంది. అంతేగాక, మెదడులో కొంత టెస్టోస్టిరాన్ ఈస్ట్రోజన్‌గా మారి, పెరుగుదల హార్మోను విడుదలను ప్రభావితం చేస్తుంది. చిట్టెలుకల ఫలితాలను గొర్రెలకు, పశువులకు యథాతథంగా అన్వయించరాదు. కాని పరిశోధనకు అవి దిశను చూపుతున్నాయి.

రైతుల అనుభవం

అన్ని కండరాలూ పురుష హార్మోనుకు ఒకే విధంగా స్పందించవు. ఆంబోతులో మెడ, మూపురం ప్రత్యేకంగా బలిష్ఠమవుతాయి. మెడ, మూపురం ఎదిగిన పిదపనే కోడెలకు విత్తులు కొట్టించే పాత ఆచారం వెనుక ఈ పరిశీలనే ఉంది. మహాశివరాత్రికి మేళ్లచెరువు పందేలలో బండ లాగే ఒంగోలు గిత్తల మెడను చూచినవారికి ఇది సుబోధకం.

విస్తరణ సూచనలు

1. మాంసానికై ఏడాదిలోపే అమ్మే పొట్టేలు పిల్లలకు విత్తులు కొట్టించడం వలన కండర వృద్ధిలో నష్టం కలుగుతుంది. వాటిని ఆడ గొర్రెల నుండి వేరుచేసి పెంచడం మేలు.

2. అనవసర సంపర్కాన్ని, పోట్లాటలను నివారించవలసిన మందలలో పశువైద్యుని పర్యవేక్షణలో, బర్డిజో పరికరంతో ఈ పని చేయించాలి.

3. కండ పెరుగుతుందని విత్తన పొట్టేళ్లకు టెస్టోస్టిరాన్ సూదులు వేయించరాదు. బయటి నుండి హార్మోను అందినప్పుడు మెదడు ఎల్.హెచ్.ను తగ్గిస్తుంది, ఫలితంగా వృషణాలు కుంచించుకుపోయి, వీర్యకణాల ఉత్పత్తి క్షీణిస్తుంది. 2017లో ప్రారంభమైన రాష్ట్ర గొర్రెల పంపిణీ పథకంలో ఇరవై ఆడ గొర్రెలకు ఒక్క పొట్టేలునే ఇచ్చారు. అటువంటి మందలో ఆ ఒక్కటి వ్యర్థమైతే మంద మొత్తం చూలు నిలవక నష్టపోతుంది.

కండపుష్టికి సమతుల మేత, నట్టల నివారణ, తగినంత నడక మాత్రమే సురక్షిత మార్గాలని పెంపకందారులకు బోధించవలసి ఉంది.